ఒక్క బోల్టు కోసం...

రంగు ఎక్కడైనా దొరుకుతుంది. టైర్లూ దొరుకుతాయి. సీటు కవర్లు పక్క వీధిలోనే కుట్టిస్తారు. కానీ డెబ్భై ఏళ్లనాటి బండికి డెబ్భై ఏళ్లనాటి బోల్టే కావాలంటే? అప్పుడు మొదలవుతుంది అసలు వేట!

భద్రాచలం వెళ్లేదారిలో పాల్వంచ దాటారంటే అడవి పలకరిస్తుంది. ఓవైపు కిన్నెరసాని, ఇంకాస్త ముందుకెళ్తే గోదావరి. ఇవాళ తారురోడ్డు మీద కార్లు రివ్వున దూసుకెళ్తున్నాయిగానీ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల తిరగాలంటే ఉన్న దిక్కు ఒక్కటే... జీపు. అటవీశాఖకు జీపు. సింగరేణికి జీపు. 1966లో కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్తగూడెం థర్మల్‌ పవర్‌ స్టేషన్‌కు జీపు. పోలీసులకు జీపు. చర్ల, వెంకటాపురం, చింతూరు వైపు ఊళ్లకు జనాన్ని చేరవేసిందీ జీపే. ముందు ఇద్దరు కూర్చోవాల్సిన చోట నలుగురు, వెనక ఎందరో లెక్కలేదు, టాపు మీద బియ్యం బస్తాలు, పుట్‌బోర్డు మీద క్లీనరు!

అలాంటి బండి మీ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉందనుకోండి. తాతగారు కొన్నది. నాన్న నడిపింది. చిన్నప్పుడు మీరు స్టీరింగు పట్టుకుని నోటితో హారన్‌ కొట్టింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనిపించింది. మెకానిక్‌ వచ్చి బోనెట్‌ ఎత్తి చూశాడు. ‘ఇంజిన్‌ చేద్దాం, గేర్‌బాక్సు చేద్దాం, రేకు పని చేయిద్దాం’ అన్నాడు. అంతా బాగానే ఉంది. పని మొదలైన మూడోనాడు కబురొస్తుంది. ‘విప్పుతుంటే బోల్టు విరిగింది సార్‌. ఆ సైజు ఇక్కడ లేదు. కొత్తగూడెంలోనూ లేదు. ఖమ్మంలోనూ లేదు!’

బండి బాగుచేయడమంటే ఇంజిన్‌ బాగుచేయడమే అనుకుంటాం. పాత బండ్లను ప్రేమించేవాళ్లను అడిగితే మాత్రం వేరే సంగతి చెబుతారు. ఇంజిన్‌కు మెకానిక్‌ ఉంటాడు. బోల్టుకు మాత్రం ఓపికే ఉండాలి!

పానా పట్టదు... మర ఎక్కదు!

బోల్టుకు రెండే కొలతలు అనుకుంటాం- లావు, పొడవు. మూడోది ఒకటుంది. అదే అసలు తగువు. మర! అంగుళం పొడవులో ఎన్ని చుట్లున్నాయి, ఆ గాడి ఎంత వాలుగా ఉంది అన్న లెక్క.

పందొమ్మిదో శతాబ్దం తొలిరోజుల్లో ఏ కార్ఖానాకు ఆ కార్ఖానా తనకు తోచినట్టు మరలు కోసుకునేది. ఒకచోట చేసిన నట్టు మరోచోట చేసిన బోల్టుకు పట్టేది కాదు. ఈ గందరగోళాన్ని చూసి జోసెఫ్‌ విట్‌వర్త్‌ అనే ఇంగ్లిషు ఇంజినీరు 1841లో ఒక పద్ధతి పెట్టాడు. ఏ లావు బోల్టుకు ఎన్ని చుట్లుండాలో లెక్క కట్టాడు. గాడి కోణం 55 డిగ్రీలన్నాడు. బ్రిటన్‌ మొత్తం ఆ దారిలోకొచ్చింది. 1908లో అందులోనే సన్నమరల రకం కూడా వచ్చింది. అమెరికా మాత్రం తన దారి తనదే అంది. అక్కడ 60 డిగ్రీలు. ఫ్రాన్స్‌, ఇటలీలాంటి దేశాలవి మిల్లీమీటర్ల లెక్కలు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ తేడా కొంప ముంచింది. అమెరికా బోల్టు బ్రిటిష్‌ లారీకి పట్టదు. బ్రిటిష్‌ నట్టు అమెరికా ట్యాంకుకు ఎక్కదు. యుద్ధం ముగిశాక 1948లో అమెరికా, బ్రిటన్‌, కెనడా కలిసి కూర్చుని ఉమ్మడి కొలతలు రాసుకున్నాయి. మెకానిక్‌లు ‘యూఎన్‌ఎఫ్‌’ అంటారే, అది అలా పుట్టిందే.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన రోడ్ల మీద వీటిలో లేనిది లేదు! యుద్ధానికి ముందొచ్చిన ఇంగ్లిషు కార్లవి విట్‌వర్త్‌ మరలు. జీపువి అమెరికా మరలు. మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ను చూసి చేసిన అంబాసిడర్‌లో ఎక్కువగా ఉండేవి యూఎన్‌ఎఫ్‌ బోల్టులు. ఫియట్‌ నుంచి వచ్చిన ప్రీమియర్‌ పద్మినిది మిల్లీమీటర్ల కుటుంబం. పాత బండ్లు నాలుగు బాగుచేసే షెడ్డులో నాలుగు దేశాల బోల్టులుంటాయి.

ఒక్క ఉదాహరణ చాలు. అంగుళంలో పదహారింట అయిదు వంతుల బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. ఇవాళ బజార్లో దొరికే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకూ దీనికీ తేడా వెంట్రుకంత. కంటితో చూస్తే కనిపెట్టలేరు. కానీ యూఎన్‌ఎఫ్‌లో అంగుళానికి 24 చుట్లు. అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.06 మిల్లీమీటర్లు. మామూలు ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు ఆ దూరం 1.25. నట్టు రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది. మూడో చుట్టులో బిగుసుకుంటుంది. ‘తుప్పు పట్టిందేమో’ అని గట్టిగా తిప్పామా... అంతే! నట్టూ పోయింది, బోల్టూ పోయింది. ఖర్మకాలి అది ఇంజిన్‌ బ్లాకులోకి వెళ్లే బోల్టయితే డెబ్భై ఏళ్ల బ్లాకు మరా పోయింది.

మోరిస్‌ కంపెనీవాళ్లయితే ఇంకో చిక్కుముడి వేశారు. వాళ్లు 1923లో కోవెంట్రీలోని హాచ్‌కిస్‌ ఇంజిన్ల కార్ఖానా కొన్నారు. అది ఫ్రెంచి కంపెనీ. అక్కడి యంత్రాలన్నీ మిల్లీమీటర్ల లెక్కన మరలు కోసేవే. ఇంగ్లండు మెకానిక్‌ల చేతుల్లో ఉన్నవేమో విట్‌వర్త్‌ పానాలు. యంత్రాలు మార్చాలంటే ఖర్చు. పానాలు మార్చమంటే ఎవరూ వినరు. దాంతో మధ్యేమార్గం కనిపెట్టారు. మర మిల్లీమీటర్లలో, తల విట్‌వర్త్‌ సైజులో! పాత మోరిస్‌ ఇంజిన్‌ విప్పినవాళ్లు బుర్ర గోక్కోవడం అందుకే.

పానాల సంగతీ అంతే. ఇప్పటి పానా మీద 13 అని ఉంటే అది బోల్టు తల వెడల్పు. విట్‌వర్త్‌ పానా మీద ఉండే అంకె మాత్రం బోల్టు లావుది. తల దానికన్నా చాలా పెద్దది. తెలియక దగ్గర్లో ఉన్న పానాతో తిప్పితే తల మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారవుతుంది. ఇక దాన్ని ఉలి పెట్టి కొట్టడమే!

తల మీద ‘ఎఫ్‌’ ఉందా?

పాత జీపుల ప్రపంచంలో ఒక ఇంగ్లిషు అక్షరానికి ఉన్న విలువ చూస్తే ఆశ్చర్యపోతాం.

యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి జీపులు చేసిచ్చిన కంపెనీలు ప్రధానంగా రెండు- విల్లీస్‌, ఫోర్డ్‌. విల్లీస్‌ మూడున్నర లక్షలకు పైగా చేస్తే, ఫోర్డ్‌ దాదాపు 2.8 లక్షలు చేసింది. రెండూ ఒకే నమూనా. ఒకదాని భాగం మరోదానికి పట్టాలన్నది సైన్యం షరతు. ఫోర్డ్‌ కంపెనీ మాత్రం ‘మా సరుకు మాదే’ అన్నట్టుగా తను చేసిన ప్రతి భాగం మీదా ‘ఎఫ్‌’ అక్షరం కొట్టింది. బ్రాకెట్ల మీద, కొక్కేల మీద, చివరికి బోల్టుల తలల మీద కూడా! 1942లో వెనక రేకు మీద కంపెనీ పేరు వేయడం ఆగిపోయింది. బోల్టు తల మీద ‘ఎఫ్‌’ మాత్రం మిగిలింది.

ఎనభై ఏళ్లు గడిచాక ఆ అక్షరమే జాతకమైపోయింది. ఫోర్డ్‌ జీపుకు అన్ని బోల్టులూ ‘ఎఫ్‌’వే ఉండాలని పట్టుబట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ మోజు చూసి ‘ఎఫ్‌’ కొట్టిన కొత్త బోల్టులూ వచ్చేశాయి. అసలుకూ నకలుకూ తేడా అక్షరం అంచుల్లో, పూతలో, అరుగుదలలో వెతుక్కోవాలి.

యుద్ధం ముగిశాక మిగిలిన సైనిక వాహనాలు కొన్ని మన దేశంలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత 1947 నుంచి మహీంద్రా కంపెనీ విల్లీస్‌ జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో తిరిగినవి ఎక్కువగా ఈ మహీంద్రా జీపులే. ఏది యుద్ధకాలం నాటిదో, ఏది మహీంద్రాదో తెలుసుకోవడానికి తేలికైన గుర్తొకటుంది. బండి ముందు జాలీలో నిలువు సందులు లెక్కపెట్టండి. యుద్ధకాలపు జీపుకు సాధారణంగా తొమ్మిది. తర్వాత వచ్చిన పౌర జీపుకు ఏడు. బోనెట్‌ మరీ ఎత్తుగా ఉంటే అది ‘సీజే-3బీ’. అందులో పెట్టిన ఇంజిన్‌ పొడుగు ఎక్కువ కావడంతో బోనెట్‌నే పైకి లేపేశారు!

ఈ తేడా తెలియకపోతే వేట దారి తప్పుతుంది. ఏడు సందుల జీపుకు ‘ఎఫ్‌’ బోల్టులు కొనితెచ్చి బిగించడమంటే ధోవతి మీద టై కట్టుకోవడమే. దేని అసలు దానిదే.

ఇదే లెక్క మరల తలలకూ వర్తిస్తుంది. నాలుగు పాయల ప్లస్‌ గుర్తు స్క్రూలను కార్లలో మొదట వాడింది 1936 నాటి కాడిలాక్‌లో. 1930 మోడల్‌ అంటూ ఎవరైనా చూపించిన కారు డాష్‌బోర్డులో ప్లస్‌ స్క్రూ కనిపించిందంటే... అది తర్వాత ఎవరో బిగించిందే.

ఎక్కడ వెతకాలి?

ఈ వేటకు బయల్దేరినవాళ్లకు దేశంలో కొన్ని ‘పుణ్యక్షేత్రాలు’ ఉన్నాయి. ఢిల్లీలో విడిభాగాలకు కశ్మీరీ గేట్‌, తుక్కుకు మాయాపురి. ముంబయిలో చోర్‌బజార్‌. కోల్‌కతాలో మల్లిక్‌ బజార్‌. చెన్నైలో పుదుప్పేట. జీపుల కోసమే అయితే హరియాణాలోని మండీ డబ్వాలీ. మనకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్‌. హైదరాబాద్‌లో నట్లు, బోల్టులకు రాణీగంజ్‌, పాత సామాన్లకు గురువారం గురువారం జరిగే జుమ్మేరాత్‌ బజార్‌.

ఇక్కడ కొనడానికో పద్ధతుంది. విరిగిన బోల్టు జేబులో వేసుకుని వెళ్లాలి. పక్కన మర కొలిచే గేజీ, వెర్నియర్‌ ఉండాలి. ‘జీపు బోల్టు’ అని అడిగితే దుకాణంవాడు జీపుకు పట్టే ఏదో ఒకటి ఇస్తాడు. లావు, పొడవు, అంగుళానికి చుట్లు చెప్పి అడిగితే ఎదుటివాడు మీకు తెలుసని గ్రహించి లోపలి డబ్బా బయటికి తీస్తాడు! కంపెనీ ముద్రించిన పాత పార్టుల పుస్తకం దొరికితే మరీ అదృష్టం. ఏ భాగానికి ఏ నంబరు బోల్టో అందులో బొమ్మతో సహా ఉంటుంది.

అంబాసిడర్‌ ఉన్నవాళ్లది కాస్త మెరుగైన పరిస్థితి. ఉత్తర్‌పాడా కార్ఖానాలో 2014 మే దాకా అది తయారైంది. పైగా దాని పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ బ్రిటన్‌లో మోరిస్‌, ఎంజీ కార్లకు పెట్టిన కుటుంబంలోదే. ఇంగ్లండులో ఎంజీ కార్లను ఇప్పటికీ నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు కాబట్టి ఆ ఇంజిన్‌ సామాన్లు అక్కడ కొత్తగా తయారవుతూనే ఉన్నాయి. మన ఊరి పెద్దమనిషి అంబాసిడర్‌కు లండన్‌లో చుట్టాలున్నారన్నమాట!

తుక్కు కుప్ప తరిగిపోతోంది

పాత బండికి ప్రాణం పోసేది మరో పాత బండే. ఒకటి విప్పితేనే రెండోది నిలబడుతుంది. ఇన్నాళ్లూ ఆ విప్పదీసే బండ్లు ఎక్కణ్నుంచి వచ్చేవి? ప్రభుత్వ శాఖల వేలంపాటల నుంచి. ఆఫీసు ఆవరణలో చెట్టుకింద ఏళ్ల తరబడి ఎండి వానకు తడిసిన జీపుల్ని వేలం వేస్తే మెకానిక్‌లు, తుక్కు వ్యాపారులు కొనుక్కునేవారు. బాగున్నవి విప్పి అమ్ముకునేవారు.

ఆ దారి ఇప్పుడు మూసుకుపోతోంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషన్‌ రద్దవుతోంది. వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పంపాలి. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి అన్నది ఉద్దేశం. తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ పాత జీపులున్నవాళ్లకు మాత్రం ఇది విడిభాగాల గాదె ఖాళీ అవుతున్నట్టే.

పాతది పోవడం ఎంత తొందరగా జరిగిపోతుందో పాల్వంచవాసులకు వేరే చెప్పక్కర్లేదు. దశాబ్దాల పాటు ఊరి ఆనవాలుగా నిలిచిన పాత కేటీపీఎస్‌ కూలింగ్‌ టవర్లు 2024 ఆగస్టులో చూస్తుండగానే నేలమట్టమయ్యాయి. ఎనిమిదీ!

లేత్‌ మీద చేయిస్తే?

దొరకనప్పుడు చేయించుకోవడమే దారి. ఆ మాటకొస్తే ఈ ప్రాంతానికి అదే పెద్ద బలం. 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న నేల ఇది. బొగ్గు గనులు, థర్మల్‌ కేంద్రం, స్పాంజ్‌ ఐరన్‌, ఫెర్రో అల్లాయ్స్‌ కార్ఖానాల మధ్య పెరిగిన ఊళ్లలో ఫిట్టరు, టర్నరు, మిల్‌రైట్‌ అన్నవి ఇంట్లో మాటలే. బజార్లో దొరకని బోల్టును పాత ముక్క చూసి లేత్‌ మీద కోసిచ్చే చేతులు కొత్తగూడెం, పాల్వంచల్లో ఉన్నాయి.

అయితే ఏది చేయించాలి, ఏది చేయించకూడదు అన్నది తెలియాలి. దీపం బిగించే స్క్రూ, మడ్‌గార్డు బోల్టు, తలుపు కీలు మేకు- ఇవి చేయించుకోవచ్చు. స్టీరింగు, బ్రేకులు, ముందు చక్రాల కింగ్‌పిన్‌, ఇంజిన్‌ లోపలి కనెక్టింగ్‌ రాడ్‌ బోల్టుల జోలికి మాత్రం వెళ్లకూడదు. చూడ్డానికి అచ్చు అలాగే ఉంటాయి. కానీ కంపెనీ బోల్టును గట్టి ఉక్కుతో చేసి, వేడిచేసి పదును పెడతారు. మరను కోయకుండా ఒత్తి తీస్తారు. మామూలు ఇనుప కడ్డీ మీద లేత్‌తో కోసిన మరకు ఆ బలం రాదు. ఘాట్‌రోడ్డు మలుపులో అది తెగితే జరిగేది ఊహించుకోవడానికే భయం.

బలం ఎంతో బోల్టు తలే చెబుతుంది. అమెరికా పద్ధతిలో తల మీద మూడు గీతలుంటే గట్టిది, ఆరు గీతలుంటే మరీ గట్టిది. మిల్లీమీటర్ల బోల్టు మీద 8.8, 10.9 అని అంకెలుంటాయి. ఏ గుర్తూ లేకపోతే దాన్ని బరువు మోసేచోట వాడకపోవడమే మేలు. తళతళలాడుతోంది కదాని స్టెయిన్‌లెస్‌ స్టీలు బోల్టులు బిగించేవాళ్లున్నారు. తుప్పు పట్టని మాట నిజమే. కానీ మామూలు స్టెయిన్‌లెస్‌ బోల్టు బలంలో ఆ గట్టి ఉక్కుకు తక్కువే. పైగా పాత బండి మీద కొత్త స్టీలు గ్లాసులా మెరుస్తూ ఎబ్బెట్టుగా ఉంటుంది!

చట్టం కూడా ‘అసలే’ అంటోంది

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకు ఒక సంగతి. 2021 జులైలో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్‌ జరిగి యాభై ఏళ్లు దాటిన సొంత బండ్లను ‘వింటేజ్‌’ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్ర కోడ్‌ తర్వాత ‘వీఏ’ అక్షరాలొస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5 వేలు. రోజువారీ తిరగడానికీ, వ్యాపారానికీ వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు కొట్టించుకోవడం, మరమ్మతు... వీటికే బయటికి తీయాలి.

అసలు షరతు వేరే ఉంది. బండి దాని అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పాత జీపులో వేరే డీజిలు ఇంజిన్‌ పెట్టించి, వెడల్పు టైర్లు తొడిగించి ‘మా తాతల నాటిది’ అంటే కుదరదు. ఇన్నాళ్లూ చాదస్తంగా కనిపించిన ‘అసలు’ ఇప్పుడు కాగితం మీదికెక్కింది.

విచిత్రమేమిటంటే పదిహేనేళ్లు దాటిన సర్కారు జీపు తుక్కు. యాభై ఏళ్లు దాటిన సొంత జీపు వారసత్వం. మధ్యలో ముప్ఫై అయిదేళ్లు బండిని కాపాడుకోవాల్సింది ఇంటివాళ్లే!

అలా కాపాడుకున్నవి మనకూ కొన్ని ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ చేయించమని చెప్పి, అది చేతికందకముందే 1911లో కన్నుమూసిన పసుపురంగు రోల్స్‌రాయిస్‌ సిల్వర్‌ ఘోస్ట్‌ అందులో ఒకటి. వెనక సీటును సింహాసనంలా మలచిన ఆ కారు చౌమహల్లా ప్యాలెస్‌ను చూడ్డానికి వచ్చేవాళ్లను ఆగి చూసేలా చేసింది. 1932 జూన్‌లో నిజాం రోడ్డు రవాణా సంస్థ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ కాలం నాటి ఆల్బియన్‌ బస్సు ‘డెక్కన్‌ క్వీన్‌’ను ఆర్టీసీ దాచుకుంది. ఇక 1982లో ఎన్టీఆర్‌ ఊరూరా తిరిగిన చైతన్యరథం? అదీ పాత షెవర్లే వ్యానే. హరికృష్ణ నడుపుతుంటే తెలుగునాట అది తిరగని దారి లేదు. అలాంటి బండ్ల విలువ రంగులో ఉండదు. ఆ రోజు ఉన్నది ఉన్నట్టు ఉండటంలో ఉంటుంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫివా’ ట్యూరిన్‌ చార్టర్‌ పేరుతో ఒక మార్గదర్శకం రాసుకుంది. అందులో చెప్పేదీ ఇదే. వీలైనంతవరకు అసలు భాగాన్నే బాగుచేయండి. తప్పక మారిస్తే, మార్చినట్టు తర్వాతివాళ్లకు తెలిసేలా గుర్తు పెట్టండి. దాచొద్దు, మోసం చేయొద్దు!

విప్పేముందు ఒక్క నిమిషం!

* ఏ బోల్టు ఎక్కడిదో విప్పకముందే ఫొటో తీసుకోండి. ఒక్కో చోటివి ఒక్కో సంచిలో వేసి చీటీ పెట్టండి.

* బిగుసుకున్న బోల్టుకు తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి తిప్పండి. రాకపోతే మళ్లీ పోయండి. సుత్తి ఆఖరి మాట.

* విరిగినదైనా, అరిగినదైనా పాత బోల్టు పారేయొద్దు. కొత్తది చేయించడానికి అదే నమూనా.

* ఇత్తడి స్క్రూలను చింతపండుతో తోముకోవచ్చు. గట్టి ఉక్కు బోల్టుల్ని యాసిడ్‌లో ముంచొద్దు. లోపల పెళుసుబారి తర్వాత ఉన్నట్టుండి తెగే ప్రమాదముంది. పూత వేయించేటప్పుడూ ఈ సంగతి ముందే చెప్పండి.

* కొత్త నట్టును మొదట వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లతో చివరిదాకా వెళ్లకపోతే అది ఆ బోల్టుది కాదు.

ప్రతి పాత షెడ్డులోనూ ఒక డబ్బా ఉంటుంది. గ్రీజు మరకల పాలడబ్బాయో, బిస్కెట్ల రేకు డబ్బాయో. నిండా తుప్పుపట్టిన నట్లు, బోల్టులు, వాషర్లు. పండగ ముందు ఇల్లు సర్దుతుంటే మొదట బయటికెళ్లేది అదే. ఈసారి పాత ఇనుప సామాన్లవాడు వీధిలోకొచ్చినప్పుడు దాన్ని తూకం వేయించేముందు ఒక్కసారి కింద గుమ్మరించి చూడండి. కిలోల లెక్కన ఇచ్చేస్తున్న ఆ తుప్పులో, ఎవరో ఊళ్లు పట్టుకు తిరుగుతూ వెతుకుతున్న ఒక్క బోల్టు ఉండొచ్చు!